గట్టమ్మ గుట్ట దాటితే చెరువులే – సైకిళ్ళ మీద మూడు రోజులు

వరంగల్‌లో చదువుకున్నవాళ్ళను ఎవరినైనా రామప్ప చూశారా అని అడిగితే చూశామనే చెబుతారు. మన హాస్టల్లో ఉన్నవాళ్ళలో, ఉండిపోయినవాళ్ళలో చాలామంది ఆర్టీసీ బస్సులోనో, విహారయాత్ర వ్యానులోనో ఒక్కసారైనా పోయి వచ్చినవాళ్ళే. మేమూ అలాగే చూశాం. కిటికీ పక్క సీటు కోసం కొట్లాడి, పాటలు పాడుకుంటూ పోయాం. గుడి చూశాం, పులిహోర తిన్నాం, వచ్చాం. దారిని మాత్రం చూడలేదు.

2024 దసరా సెలవుల్లో ఏడుగురం సైకిళ్ళ మీద బయలుదేరి హన్మకొండ నుంచి ములుగు, రామప్ప, లక్నవరం మీదుగా తాడ్వాయి అడవి దాకా పోయి, మూడో రోజు రాత్రికి హాస్టల్‌కు తిరిగి చేరుకున్నాం. నలుగురం ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న డిగ్రీ విద్యార్థులం, ముగ్గురు పూర్వ విద్యార్థులైన అన్నలు. అంతా కలిపి రెండు వందల కిలోమీటర్లకు పైనే తొక్కాం. వార్షికోత్సవ సంచికకు దీని గురించి రాయమన్నప్పుడు, యాత్ర గొప్పలు చెప్పుకోవడం కంటే, రేపు మీలో ఎవరైనా పోదామనుకుంటే పనికొచ్చే సంగతులు రాయడం మంచిదనిపించింది. అందుకే మా పొరపాట్లు కూడా దాచుకోకుండా రాస్తున్నాం.

మామూలు సైకిలుతో పోవచ్చా?

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే. పోవచ్చు. మా ఏడు సైకిళ్ళలో రెండింటికే గేర్లు ఉన్నాయి. మిగతా ఐదూ పాల క్యాన్లు కట్టుకుని పోయే నల్ల సైకిళ్ళ రకమే. అందులో రెండు సొంతవి, మూడు అద్దెవి. బరువు ఒక్కోటి దాదాపు ఇరవై కిలోలు.

గేరు సైకిలుకూ, మామూలు సైకిలుకూ తేడా ఏమిటో కొంచెం లెక్క వేసి చూద్దాం. మామూలు సైకిలుకు పెడళ్ళ దగ్గరుండే పెద్ద పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల పైన పోతుంది. అంటే ఒక్క తొక్కుకు సుమారు ఐదున్నర మీటర్లు. చదును రోడ్డు మీద ఇది హాయి. ఎక్కుడు వచ్చిందంటే ఒక్కో తొక్కుకు ఆ ఐదున్నర మీటర్ల ఎక్కుడునూ మనల్ని, సైకిలును, సంచిని కలిపి మోసుకుపోవాల్సిందే, తగ్గించుకునే వీలు లేదు. గేర్లున్న సైకిలుకు చైనును ముందు చిన్న చక్రం మీదికి, వెనుక పెద్ద చక్రం మీదికి మార్చుకుంటే ఒక తొక్కుకు రెండు మీటర్లే పోవచ్చు. చేసే మొత్తం పని ఒక్కటే. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసుకుని తింటాం, అంతే. ఇంటర్లో ఫిజిక్స్ సార్ పని, సామర్థ్యం అని ఎంత చెప్పినా ఎక్కనిది గుట్ట మీద ఎక్కింది.

అయితే గేరు లేదని చిన్నబోవలసిన పనిలేదు. ఫ్రాన్స్ దేశంలో ఏటా జరిగే టూర్ డి ఫ్రాన్స్ పోటీ పేరు మీరు వినే ఉంటారు. అది 1903లో మొదలైంది. చైనును ఒక పళ్ళచక్రం మీది నుంచి మరో దాని మీదికి మార్చే గేర్లను ఆ పోటీలో 1937 దాకా అనుమతించలేదు. అంతవరకు పోటీదారులు కొండ కింద ఆగి, వెనుక చక్రం ఊడదీసి, రెండోవైపున్న వేరే పళ్ళచక్రం పనిచేసేటట్టు తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్ళు. 1910లో రెండు వేల మీటర్లకు మించిన టూర్మలే కనుమను మొదటిసారి పోటీలో పెట్టినప్పుడు, ఆ ఏడు గెలిచిన ఆక్టావ్ లాపీజ్ కూడా కొంత దూరం దిగి సైకిలు తోసుకుంటూ నడిచాడు. గెలిచినవాడే దిగి నడిస్తే మనకెందుకు సిగ్గు? మాలో మోకాళ్ళు పట్టేసిన వాళ్ళెవరంటే, దిగడానికి నామోషీ పడి నిలబడి తొక్కినవాళ్ళే.

తిండి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాం. ఆకలి కాకముందే తినాలి, దాహం కాకముందే తాగాలి. ఇదీ పాత ఫ్రెంచి సైకిలు యాత్రికులు చెప్పిన మాటే. మా వంట అన్న మొదటి రోజుకు పులిహోర కట్టిచ్చాడు. మిగతా రోజులు పల్లీపట్టీలు, అరటిపండ్లు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు. అంతకు మించి ఏమీ అక్కరలేదు.

మేము చూడకుండా వదిలేసిన రబ్బర్లు

తెల్లవారక ముందే హన్మకొండలో ములుగు రోడ్డు పట్టాం. ఇది హైదరాబాద్ నుంచి భూపాలపట్నం పోయే 163వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్ళకు 202 అంటేనే తెలుస్తుంది. ఆత్మకూరు, మల్లంపల్లి దాకా పెద్ద ఇబ్బంది లేదు. లారీలతోనే జాగ్రత్త. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేవి, గోదావరి ఇసుక మోసేవి పక్కనుంచి పోతే ఆ గాలికి సైకిలు మొదట రోడ్డు బయటికి, వెంటనే లోపలికి ఊగుతుంది. ఒకరి వెనుక ఒకరుగా, మధ్యలో మూడు నాలుగు సైకిళ్ళ ఎడంతో పోవాలి. ఇద్దరు పక్కపక్కన ముచ్చట్లు చెప్పుకుంటూ పోయే దారి కాదు.

ములుగుకు ముందు గట్టమ్మ గుట్ట వస్తుంది. మేడారం పోయే బండ్లన్నీ ఇక్కడ ఆగి, గట్టమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టనిదే ముందుకు పోవు. మన దారిలో మొదటి అసలైన ఎక్కుడు ఇదే. మేమంతా దిగి తోసుకుంటూ ఎక్కాం, గుడి దగ్గర నీళ్ళు తాగాం. అప్పటికే సన్నగా తుంపర మొదలైంది. తర్వాత ములుగు వైపు దిగుడు.

మాలో అందరికంటే చిన్నవాడికి అద్దె సైకిలు వచ్చింది. దిగుడు సగంలో వాడు మమ్మల్ని దాటుకుంటూ పోయాడు. సరదాకు పోతున్నాడనుకున్నాం. "ఆగుతలేదన్నా" అని అరిచాక తెలిసింది. ముందు ఒక లారీ రోడ్డు అంచున ఆగి ఉంది. వాడు చెప్పులు రోడ్డుకు రాసి చూశాడు, చెప్పు తెగిపోయింది. ఇక చేసేది లేక హ్యాండిల్ ఎడమకు తిప్పి మట్టిలో పడ్డాడు. లారీ వెనుక చెక్కకూ వాడు పడిన చోటుకూ మధ్య పది అడుగులు కూడా లేదు. మోచెయ్యి, మోకాలు గీరుకుపోయాయి. అంతకు మించి ఏమీ కాలేదు. కానీ చాలాసేపు మేమెవ్వరం మాట్లాడలేదు.

ఆ బ్రేకులు ఎందుకు పట్టలేదో మెల్లగా తెలిసింది. మామూలు సైకిలుకు ఉండేవి కడ్డీ బ్రేకులు. పిడి నొక్కితే సన్నటి ఇనుప కడ్డీ రబ్బరు ముక్కను లాగి రిమ్ముకు ఆనిస్తుంది. ఇనుప రిమ్ము తడిసిందంటే ఆ రబ్బరు పట్టదు, జారుతుంది. ఆ సైకిలుకైతే రబ్బర్లు ఇనుప పట్టీ కనిపించేదాకా అరిగి ఉన్నాయి. అద్దెకు తెచ్చిన సాయంత్రం మేము గాలి చూశాం, బెల్లు మోగించి చూశాం, రబ్బర్లు చూడలేదు. అరిగిన సైకిలు ఇవ్వడం దుకాణం వాళ్ళ తప్పే, కాని చూడకుండా తెచ్చిన తప్పు మాది. ఇంకో సంగతి ఏమంటే, వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. కాబట్టి దిగుడులో వేగం పుంజుకున్నాక బ్రేకు వేద్దామంటే కుదరదు. దిగుడు మొదట్లోనే వేగం పట్టి ఉంచాలి. రెండు బ్రేకులూ కలిపి, నొక్కుతూ వదులుతూ పోవాలి. భయపడి ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టుకుంటే సైకిలు వెనుక చక్రం లేచి మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. వానలో అయితే దిగుడుకు ముందే ఒకటి రెండుసార్లు మెల్లగా నొక్కి రిమ్ము మీది నీళ్ళు తుడిచినట్టు చేసుకోవాలి.

ములుగులో రబ్బర్లు మార్పించాం. రెండు జతలు అదనంగా కొన్నాం. పెద్ద ఖర్చేమీ కాలేదు.

ఆ రాత్రి పాలంపేటలో ఉండగా వాడి బాపు ఫోన్ చేశాడు. ఆయన వ్యవసాయ కూలీ. మొదట్నించీ ఈ సైకిలు యాత్ర వద్దన్న మనిషి. వీడు "మంచిగనే ఉన్న బాపూ" అన్నాడు. మా పెద్దన్న, ఇప్పుడు టీచరుగా చేస్తున్నాడు, ఫోన్ తీసుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. అవతల కొంతసేపు మాట లేదు. తర్వాత "పొద్దుగాల బస్సెక్కియ్యుండ్రి సారూ" అన్నాడు. వీడు ఏడుపు ముఖం పెట్టాడు. ఎంతో సేపు బతిమాలితే చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడాయన. దిగుడు ఎక్కడొచ్చినా వాడు సైకిలు దిగి నడవాలి. వాడొక్కడే నడిస్తే బాగుండదని మేమంతా నడిచాం. గేర్లు లేక ఎక్కుళ్ళలో నడిచేవాళ్ళు, మాటిచ్చినందుకు దిగుళ్ళలోనూ నడుస్తుంటే దారిన పోయేవాళ్ళు నవ్వారు. "సైకిల్ తొక్కరాదా తమ్మీ?" అని ట్రాక్టర్ మీద పోయే ఒకాయన అడిగాడు కూడా.

చెరువు ఎక్కడుందో కాళ్ళకు తెలుస్తుంది

ములుగు దాటి జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగితే వెంకటాపూర్, పాలంపేట. రామప్ప గుడి గురించి మన సంచికలోనే ఎన్నోసార్లు వచ్చింది కాబట్టి ఎక్కువ రాయం. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని శాసనం చెబుతుంది. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీటిలో తేలే ఇటుకల సంగతి తెలియనివాళ్ళు మనలో లేరు.

మేము చెప్పదలచుకున్నది చెరువు గురించి. బస్సులో పోతే చెరువు హఠాత్తుగా వస్తుంది. సైకిలు మీద అలా కాదు, వరసగా చెప్పి మరీ వస్తుంది. ముందుగా రోడ్డు చదునవుతుంది, రెండు వైపులా వరి కనిపిస్తుంది. అది చెరువు కింది ఆయకట్టు. పారకానికి అనువుగా ఉన్న నేల గనుక కాళ్ళకు శ్రమ ఉండదు. తర్వాత రెండు వైపులా గుట్టలు దగ్గరికి వస్తాయి, గాలి చల్లబడుతుంది, రోడ్డు పైకి లేస్తుంది. ఆ ఎక్కుడు ఎక్కామంటే కట్ట మీదుంటాం. ఎదురుగా నీళ్ళు.

ఇది యాదృచ్ఛికం కాదు. చదును నేలలో చెరువు కట్టాలంటే మైళ్ళ పొడవున మట్టి పోయాలి. రెండు గుట్టల మధ్య లోయ సన్నబడే చోటు, ఒక రకంగా లోయ గొంతు, అక్కడ చిన్న కట్ట వేస్తే చాలు, వెనుక అడవిలో కురిసిన వానంతా నిలుస్తుంది. గుట్టలే గోడలు. కాకతీయుల కాలంవాళ్ళు ఈ చోట్లను వెతికి పట్టుకున్నారు. రామప్ప అలా కట్టిందే. గణపతిదేవుని కాలంలోనే కట్టిన నర్సంపేట వైపు పాకాల కూడా అంతే. లక్నవరమైతే దీనికి మరీ మంచి ఉదాహరణ. అక్కడ మూడు ఇరుకు లోయలను మూడు పొట్టి కట్టలతో మూసేశారు, మిగతా పని గుట్టలు చేశాయి. నీళ్ళు నిండాక మునగకుండా మిగిలిన ఎత్తులే ఇప్పుడు మనం చూసే దీవులు. కాబట్టి ఎక్కుడు వచ్చిందని తిట్టుకునే ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ గుట్ట లేకపోతే ఆ చెరువు లేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి హైవే మీద నుంచి కుడివైపు బుస్సాపూర్ మీదుగా లక్నవరం చేరాం. వేలాడే వంతెన మీద ఫోటోలు దిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేము తూము దగ్గర కూర్చుని తిన్నాం. అక్కడ గొర్రెలు కాసే ఒక ముసలాయన మా సైకిళ్ళు చూసి, ఏ ఊరు, ఎవరి పిల్లలు అని అడిగి, "కడుపుల ఏమన్న తిన్నరా బిడ్డా?" అన్నాడు. హాస్టల్ పిల్లలమంటే, తన మనవడు కూడా హాస్టల్లోనే ఉంటాడన్నాడు. చెరువు నిండిన ఏడు ఊరంతా ఇంటి దగ్గరుంటుందట, నిండని ఏడు పనికి బయటికి పోతారట. మా నలుగురిలో ఇద్దరి ఇళ్ళ సంగతీ అంతే, వాళ్ళ ఊళ్ళ చెరువులకు ఇంత పేరు లేదు, అదొక్కటే తేడా.

వాగులు, అడవి

ఈ దారిలో వాగులతో పరాచికాలు ఆడవద్దు. రామప్పకు దగ్గరలోనే వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో 2023 జూలై 26–27న ఇరవై నాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. రాష్ట్రంలో అంతకుముందు ఎప్పుడూ నమోదు కానంత వాన. అప్పుడే జంపన్నవాగు పొంగి కొండాయి ఊరిని ముంచేసింది, మనుషులు పోయారు. గుట్టల మీద పడిన నీళ్ళు కిందికి రావడానికి గంటలే చాలు. ఇక్కడ వాన లేకపోయినా పైన పడి ఉండవచ్చు. లోలెవల్ వంతెన మీద నీళ్ళు పారుతుంటే మోకాలి లోతే కదా అని సైకిలు ఎత్తుకుని దాటాలనుకోవద్దు. ఆగండి, లేదా వెనక్కి రండి.

లక్నవరం నుంచి పస్రా చేరాం. సంచులు అక్కడి దగ్గర ఊళ్ళో, మా అన్నల్లో ఒకరి చుట్టాలింట్లో పెట్టి, ఉత్త సైకిళ్ళతో తాడ్వాయి వైపు పోయాం. ఈ దారి మొత్తంలో మాకు బాగా నచ్చిన ముక్క ఇదే. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మధ్య మధ్య వెదురు. రోడ్డు మెలికలు తిరుగుతుంది. లారీ రానప్పుడు మన చైను చప్పుడు మనకే వినిపిస్తుంది.

తాడ్వాయి దగ్గర మాత్రం మనసు పాడైంది. 2024 ఆగస్టు 31 సాయంత్రం వచ్చిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో సుమారు యాభై వేల చెట్లు కూలిపోయాయి. మేము పోయేనాటికి నెల దాటింది. పెద్ద పెద్ద మద్ది చెట్లు వేళ్ళతో సహా లేచి, అన్నీ ఇంచుమించు ఒకే వైపు తల పెట్టి పడి ఉన్నాయి. ఆకులు ఎండిపోయి గోధుమ రంగు తిరిగాయి. నీడ ఉండాల్సిన చోట ఎండ కొడుతోంది. పేపర్లో చదివినప్పుడు సంఖ్యగానే అనిపించింది. అక్కడ సైకిలు ఆపి నిలబడితే వేరుగా ఉంది. చిన్నవాడు ఒక మొద్దు పక్కన పడుకుని చూశాడు, వాడికంటే మొద్దు ఎత్తుగా ఉంది.

చీకటి పడకముందే అడవి దాటి పస్రాకు వచ్చేశాం. ఎలుగుబంట్లు ఉన్న అడవి, పైగా సైకిళ్ళకు లైట్లు లేవు.

తిరుగు దారి

పోయేటప్పుడు కంటే వచ్చేటప్పుడు కాళ్ళు ఎక్కువ నొస్తాయని ముందే తెలుసుకుని ఉంటే బాగుండేది. అలసట ఒక్కటే కారణం కాదు. వరంగల్ ఉన్నది సముద్రమట్టానికి 260 మీటర్ల పైన. అక్కణ్ణుంచి ఏటూరునాగారం వైపు నేల గోదావరికి దిగుతూ పోతుంది. మధ్యలో ఎన్ని గుట్టలు ఎక్కినా మొత్తమ్మీద మనం దిగుతున్నట్టే. కాబట్టి తిరుగు ప్రయాణం మొత్తమ్మీద ఎక్కుడు. దేవాదుల ఎత్తిపోతల పథకంలో గంగారం దగ్గర గోదావరి నీళ్ళను ఎత్తి ఈ వైపు పంపడానికి అంతంత పెద్ద మోటార్లు ఎందుకు కావలసివచ్చాయో మూడో రోజు మల్లంపల్లి దాకా వచ్చేసరికి మాకు బాగా అర్థమైంది. మీరు పోతే మూడో రోజుకు తక్కువ దూరం మిగిలేటట్టు చూసుకోండి. మేము దాదాపు డెబ్బై కిలోమీటర్లు మిగుల్చుకుని బాధపడ్డాం. దూరం సైకిలు తొక్కేవాళ్ళు పెట్టుకునే బ్రెవే అనే యాత్రల్లో రెండు వందల కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలట. మాకు మూడు రోజులు పట్టింది, అందులో నడక ఎంతో మేము లెక్క పెట్టలేదు.

గట్టమ్మ గుట్ట ఈసారి ములుగు వైపు నుంచి ఎక్కాలి. చిన్నవాడు పడిన చోటు దగ్గర ఆగి చూస్తే, తెగిన చెప్పు ఇంకా ఆ మట్టిలోనే ఉంది. గుట్ట దిగేటప్పుడు ఎప్పటిలాగే అందరం నడిచాం. గుట్ట కింద వాడు బాపుకు ఫోన్ చేసి, "దిగుళ్ళన్నీ అయిపోయినయి బాపూ, ఇగ తొక్కొచ్చా?" అని అడిగాడు.

ఖర్చు తలా ఐదు వందల లోపే అయింది. అందులో సగం సైకిలు అద్దె. మిగిలిన డబ్బుతో గాలి పంపు ఒకటి, టైరు విప్పే ఇనుప పట్టీలు మూడు, పంక్చర్ సొల్యూషన్, రెండు జతల బ్రేకు రబ్బర్లు ఒక డబ్బాలో పెట్టి ఆఫీసు గది బీరువాలో ఉంచాం. తాళం వార్డెన్ సార్ దగ్గర ఉంటుంది. అడిగితే ఇస్తారు. రబ్బర్లు వాడుకున్నవాళ్ళు మళ్ళీ కొత్త జత కొని అందులో పెట్టగలరు.